ఇంజిన్ స్పేర్ పార్టులు తుప్పు పట్టకుండా, దెబ్బతినకుండా దాచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ విప్పినప్పుడు మిగిలినవి, ముందుజాగ్రత్తగా కొని పెట్టుకున్నవి, పాత బండి నుంచి తీసి ఉంచినవి, ఇలా స్పేర్ పార్టులు పోగవుతూనే ఉంటాయి. రెండేళ్ల తర్వాత తీసి చూసినా బిగించుకునేలా ఉండాలంటే ఏం చేయాలి? ఈ విషయంలో ఎక్కువగా వచ్చే ప్రశ్నలు ఇవి. కింద చాలాచోట్ల ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది: కప్పడం తర్వాత, ముందు ఆరబెట్టడం.

ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపు కూడా వేశాను. అయినా తుప్పు ఎలా పట్టింది?

చాలావరకు ఆ కవరు వల్లే. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. కవరు కట్టే పూట పార్టు మీద కంటికి ఆనని తడి ఉన్నా, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా అదంతా లోపలే చిక్కుకుంటుంది. పగటి వేడికి ఆవిరవుతుంది, రాత్రి లోహం చల్లబడగానే దాని మీదే చెమ్మగా దిగుతుంది. పొద్దున మళ్లీ ఆవిరి, రాత్రి మళ్లీ చెమ్మ. బయటకు పోయే దారి ఉండదు. ఆయిల్ రాసి ఊరికే బల్ల మీద వదిలేసిన పార్టు కొన్నిసార్లు దీనికంటే బాగుంటుంది.

గది వేడి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలిలో ఉన్న వస్తువు సుమారు 26 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాని మీద నీరు పడుతుంది. నాలుగు డిగ్రీల తేడా, అంతే. బ్లాకు లాంటి బరువైన పార్టు రాత్రంతా చల్లబడి ఉంటుంది. తెల్లారాక గది వేడెక్కినంత త్వరగా అది వేడెక్కదు. అందుకే ముందు చెమ్మ దిగేది దాని మీదే.

ఇంకో కారణం మన చేతులు. చెమటలో ఉప్పు ఉంటుంది. మెషినింగ్ చేసిన నున్నటి ముఖాన్ని ఒట్టి చేత్తో పట్టుకుని అలాగే చుట్టేస్తే, కొన్నాళ్లకు బొటనవేలి ముద్ర గీతలతో సహా గోధుమ రంగులో తేలుతుంది. శుభ్రం చేసింది మొదలు కవరు మూసేదాకా గ్లవ్స్ వేసుకోండి.

ఎలాంటి గదిలో పెట్టాలి?

తేమ 50 శాతం లోపు ఉండే గది అయితే మంచిది. 60 దాటాక తుప్పు వేగం బాగా పెరుగుతుంది. తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి షెల్ఫులోనే పెట్టుకుంటే ఊహలతో పని ఉండదు. గది చల్లగా ఉండటం కంటే, వేడి ఒకే తీరుగా ఉండటం ముఖ్యం. ఆ లెక్కన రేకుల షెడ్డు అన్నిటికంటే చెడ్డది. మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, తెల్లవారుజామున పైకప్పు నుంచి నీటి బొట్లు రాలతాయి.

సిమెంటు నేల మీద నేరుగా ఏదీ పెట్టొద్దు, గోడకు ఆనించొద్దు. నేల కింద చెమ్మ పైకి వస్తూనే ఉంటుంది. చెక్క ప్యాలెట్టో ఇనుప ర్యాకో వాడి, కింద గాలి ఆడేలా కాస్త ఎత్తులో పెట్టండి. బరువైనవి కింది అరల్లో ఉండాలి.

పక్కన ఏముందో కూడా చూడండి. బాత్రూమ్ కడిగే యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ డబ్బా, ఎరువుల బస్తా, ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ, వీటిలో ఏదీ పార్టులున్న గదిలో ఉండకూడదు. యాసిడ్ సీసా మూత బిగించే ఉన్నా ఆవిరి కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. ఏ కారణమూ లేకుండా గదిలో పానాలన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయంటే ముందుగా వెతకాల్సింది ఆ సీసానే.

దాచే ముందు ఎలా కడగాలి?

మొత్తం పనిలో ఎక్కువ టైము పట్టాల్సింది ఇక్కడే. మసి, పాత ఆయిల్, గ్యాస్కెట్ ముక్కలు అన్నీ పోవాలి. మసి చెమ్మను పట్టి ఉంచుతుంది, పాత ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి. కిరోసిన్ లేదా డీగ్రీజర్‌తో బ్రష్షు పెట్టి కడగండి. గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయండి. పెట్రోలుతో మాత్రం కడగొద్దు, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అల్యూమినియం పార్టులకు కాస్టిక్ సోడా తగలనివ్వకండి, లోహాన్నే తినేస్తుంది.

నీళ్లతో కడగాల్సి వస్తే వేడి నీళ్లు వాడండి. లోహం వేడెక్కుతుంది కాబట్టి తడి దానంతటదే త్వరగా ఆరుతుంది. పోత ఇనుము బోరులను (పిస్టన్ ఆడే గుండ్రటి రంధ్రాలను) కడిగి నీళ్లతో వదిలేస్తే కళ్ల ముందే, నిమిషాల్లో పల్చటి నారింజ పొర వస్తుంది. అందుకే ఆయిల్, గుడ్డ చేతికి అందేలా పెట్టుకున్నాకే నీళ్లు పోయడం మొదలుపెట్టాలి.

తర్వాత కంప్రెసర్ గాలి. పైపైన ఊదితే చాలదు. ఆయిల్ దారులు, అడుగు మూసుకుపోయిన బోల్టు రంధ్రాలు, వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ కూలెంట్ తిరిగే ఖాళీ) మూలలు, నీరు దాక్కునేది వీటిలోనే. ఒక్కో రంధ్రంలో గాలి పెట్టి, ఎదురుగా తెల్ల గుడ్డ పట్టుకోండి. గుడ్డ మీద తడి చుక్క పడటం ఆగేవరకూ ఊదాలి. కళ్లద్దాలు తప్పనిసరి. కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని ముందే వదిలేయండి, లేకపోతే ఆరబెడుతున్నామనుకుంటూ నీళ్లు చల్లినట్టే. బాల్ బేరింగులను మాత్రం గాలితో గిరగిరా తిప్పకండి. ఆయిల్ లేకుండా ఆ వేగంతో తిరిగితే బంతులు, ట్రాకులు గీసుకుపోతాయి, ఒక్కోసారి బేరింగ్ పగిలి ముక్కలు ఎగిరిపడతాయి.

ఆరాక కూడా పార్టును కాసేపు గదిలోనే ఉంచి, గది వేడికి వచ్చాక ఆయిల్ రాయండి.

ఏ ఆయిల్ రాయాలి? డబ్ల్యూడీ-40 సరిపోతుందా?

ఎంతకాలం దాచాలన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని వారాలకైతే కొత్త ఇంజిన్ ఆయిల్ చాలు. నెలలు గడిచేకొద్దీ అది నిలువు ముఖాల మీద నుంచి కిందికి జారిపోతుంది, పైభాగం ఒట్టిపోతుంది. ఆరు నెలలు దాటేట్టుంటే తుప్పు నిరోధక ఆయిల్, మైనం పొర వేసే స్ప్రే, లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని మైనం) ఉన్న స్ప్రే వాడండి. ఏళ్లపాటు కదిలించని ఇనుప పార్టులకు కాస్మోలిన్ లాంటి గోధుమరంగు మైనం ఉంది. సైన్యాలు తుపాకులు, యంత్రాలు దాచడానికి దశాబ్దాలుగా వాడినది. తీసేటప్పుడు కిరోసిన్‌తో కాస్త కుస్తీ పట్టాలి, కానీ కాపాడటంలో దానికి పేరుంది.

డబ్ల్యూడీ-40 విషయానికొస్తే, 1953లో నీటిని తరిమేయడానికి తయారైన ద్రవం అది. ఆ పని ఇప్పటికీ చక్కగా చేస్తుంది. కడిగిన వెంటనే సందుల్లోని తడిని తరమడానికి వాడండి. మామూలు నీలి డబ్బా స్ప్రే మిగిల్చే పొర మాత్రం చాలా పల్చన. దాన్ని నమ్ముకుని ఏడాది దాచడం నా దృష్టిలో జూదమే. దాని పైన మందమైన ఆయిల్ ఇంకో పొర వేయాలి.

గ్రీజు మందంగా ఉంటుంది కదా అని కొందరు మొత్తం పులిమేస్తారు. దుమ్ము అంటుకుంటుంది, గ్రీజు ముద్దల కింద గాలి ఖాళీలు మిగులుతాయి, ఆయిల్ రంధ్రాల్లోకి పోతే కడగడం నరకం. ఇంజిన్ నుంచి దించిన పాత ఆయిల్ అసలు వద్దు. అందులో మసి, ఆమ్లాలు, కాస్తో కూస్తో నీరు కూడా ఉంటాయి. వంటనూనె కూడా వద్దు, ఎండి బంకగా పేరుకుంటుంది.

వీసీఐ పేపర్ అంటే ఏమిటి? నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, సరిగ్గా వాడితే. ఈ పేపర్‌లో ఉండే రసాయనం మెల్లగా ఆవిరై, మూసిన కవరు లోపలంతా వ్యాపించి, లోహం మీద కంటికి కనిపించని పొరగా కూర్చుంటుంది. బీరువాలో కలరా ఉండలు పనిచేసినట్టే. తలుపు తీసి ఉంచితే వాటికీ బలం ఉండదు కదా, వీసీఐ కూడా అంతే. పార్టుకు పేపర్ చుట్టి, పైన పాలిథిన్ కవరు వేసి మూయాలి. ఆ ఆవిరి ప్రభావం సుమారు 30 సెంటీమీటర్ల దూరం వరకే కాబట్టి పెద్ద పెట్టెలో ఒక మూలన ఒక్క ముక్క పడేస్తే లాభం లేదు. పేపర్‌కూ పార్టుకూ మధ్య మామూలు ప్లాస్టిక్ అడ్డు ఉండకూడదు.

కొనేటప్పుడు ఇనుము, ఉక్కుకు మాత్రమేనా, అన్ని లోహాలకూ పనికొస్తుందా అన్నది లేబుల్ మీద చూడండి. బుష్షుల్లాంటి కంచు, ఇత్తడి భాగాలున్నవాటికి రెండోది కావాలి. మూసి ఉంచితే సాధారణంగా ఏడాది, రెండేళ్లు పనిచేస్తుంది. బయట పడేసిన పాత ముక్కను మళ్లీ వాడితే అది మామూలు కాగితమే.

దీని అసలు సుఖం తీసేటప్పుడు తెలుస్తుంది. కడగాల్సిన జిడ్డు ఉండదు.

సిలికా జెల్ పొట్లాలు ఎన్ని వేయాలి?

లెక్క కంటే పెట్టె గాలి చొరకుండా ఉందా లేదా అన్నది చూడండి. సిలికా జెల్ తన బరువులో దాదాపు పాతిక శాతం దాకా నీటిని పట్టగలదు, ఆ తర్వాత అది ఒట్టి గులకరాళ్ల పొట్లం. తెరిచిన షెల్ఫులో పెడితే ఒకట్రెండు రోజుల్లోనే నిండిపోతుంది. రబ్బరు అంచు ఉన్న మూత డబ్బాలో అయితే నెలలు వస్తుంది. నిండాక 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. పొట్లం కవరు ఆ వేడికి తట్టుకునేదో కాదో చూసుకోండి, వంటకు వాడే ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. రంగు మారే రకం కొంటే నారింజ నుంచి ఆకుపచ్చకు మారేది తీసుకోండి. నీలం నుంచి గులాబీకి మారే దానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపదార్థం.

పొట్లం నేరుగా పార్టును తాకకుండా చూడండి.

న్యూస్‌పేపర్, అట్టపెట్టె, గోనెసంచి?

మూడూ చెమ్మను పీల్చి ఉంచుకునేవే. మామూలు కాగితంలో, అట్టలో కాస్త ఆమ్ల గుణం కూడా ఉంటుంది. ఒట్టి లోహానికి నేరుగా తగలనివ్వొద్దు. పైన రక్షణగా అట్టపెట్టె వాడుకోండి, తప్పులేదు. పచ్చి చెక్కతో చేసిన మూసిన పెట్టెలు కూడా అంతే, ముఖ్యంగా ఓక్ చెక్క ఎసిటిక్ ఆమ్లం ఆవిరిని వదులుతుంది.

కొత్త పార్టు ప్యాకింగ్ విప్పి ఆయిల్ రాసి పెట్టాలా?

వద్దు. ఫ్యాక్టరీలో రాసి పంపిన పొర మనం ఇంట్లో రాసేదానికంటే మెరుగ్గా ఉంటుంది. బయటి పెట్టె తెరిచి పార్టు నంబరు సరిపోయిందా, ఏదైనా విరిగిందా అని మాత్రం కొన్న వారంలోనే చూసుకోండి. లోపలి కవరు సీలు అలాగే ఉండనివ్వండి. బేరింగులు, పిస్టన్ రింగులు, బేరింగ్ షెల్స్ విషయంలో ఇది మరీ ముఖ్యం.

సిలిండర్ బ్లాకును ఎలా ఉంచాలి?

లేత్ షాపు నుంచి హోనింగ్ (బోరు లోపల రాయితో సన్నటి గీతలు వేయడం) చేయించి తెచ్చిన బ్లాకు అయితే ముందు బోరులను సబ్బు కలిపిన వేడి నీళ్లతో, బ్రష్షుతో రుద్ది కడగాలి. హోనింగ్ రాయి పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, అది కిరోసిన్‌తో పూర్తిగా రాదు. ఆరబెట్టి, ఆయిల్ ముంచిన తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ మీద బూడిద రంగు మరక కనపడినంతసేపూ లోపల పొడి ఉన్నట్టే. మరక ఆగాక కొత్త ఆయిల్ బాగా పట్టించండి. పై ముఖం, మెయిన్ బేరింగ్ గూళ్లు, బోల్టు మరలు ఏవీ వదలొద్దు.

మెయిన్ క్యాపులు (క్రాంక్‌షాఫ్ట్‌ను బ్లాకుకు పట్టి ఉంచే మూతలు) వాటి వాటి చోట్ల, వాటి దిశలోనే బిగించి పెట్టండి. అవి బ్లాకుతో కలిపి బోరు చేసినవి. ఒకటి పోయినా, తారుమారైనా లైన్ బోరింగ్ (గూళ్లన్నిటినీ ఒకే వరసలో మళ్లీ కోయడం) చేయించాల్సి వస్తుంది. వాటర్ జాకెట్‌లో పాత కూలెంట్ మిగలకుండా డ్రెయిన్ ప్లగ్ తీసి వంచండి. హెడ్ కూర్చునే పై ముఖాన్ని ఎప్పుడూ నేలకు ఆన్చకండి. చిన్న గులకరాయి చేసిన గీత చాలు, గ్యాస్కెట్ లీకవడానికి.

క్రాంక్‌షాఫ్ట్ నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?

దీని మీద వాదనకు అంతుండదు. ఏళ్ల తరబడి రెండు కొసల మీదే ఆనించి పడుకోబెడితే వంగుతుందని ఇంజిన్ కట్టేవాళ్లలో చాలామంది నమ్మకం. అందుకే ఫ్లైవీల్ బిగించే వైపు కిందికి పెట్టి నిలబెడతారు. ఆ పద్ధతి మంచిదే, ఒక షరతు మీద: గోడకో ర్యాకుకో తాడుతో కట్టాలి. వంగిన క్రాంకుల కంటే, నిలబెట్టి కట్టకుండా వదిలేస్తే పడిపోయి జర్నల్ (బేరింగ్‌లో తిరిగే నున్నటి భాగం) చెడిన క్రాంకులే నేను ఎక్కువ చూశాను. కట్టే వీలు లేకపోతే చెక్కలో వీ ఆకారపు గాళ్లు చేసి, మధ్య మెయిన్ జర్నల్స్‌కు కూడా ఆసరా ఇచ్చి పడుకోబెట్టండి. ఆ గాళ్లలో నైలాన్ ముక్క వేసి, జర్నల్స్‌కు తుప్పు నిరోధక ఆయిల్ పట్టించండి.

జర్నల్స్ ప్రతిదానికీ ఆయిల్ రాసి వీసీఐ పేపర్ చుట్టండి. ఆయిల్ రంధ్రాలు మూయాలి. వెనక ఆయిల్ సీల్ తిరిగే ముఖాన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ. అక్కడ తుప్పు గుంటలు పడితే ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతుంది. క్యామ్‌షాఫ్ట్‌కూ ఇవే జాగ్రత్తలు. పోత ఇనుము క్యామ్ కింద పడితే ఠక్కున విరుగుతుంది కూడా.

సిలిండర్ హెడ్?

వాల్వులు బిగించి ఉన్న హెడ్‌ను ముఖం కిందికి పెట్టి బల్ల మీద ఉంచకండి. క్యామ్ నొక్కిన వాల్వు ముఖం దాటి బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది, హెడ్ బరువంతా దాని కాడ మీదే పడి వంగుతుంది. రెండు కొసలా చెక్కముక్కలు పెట్టి ముఖం గాలిలో ఉండేలా చూడండి, లేదా పక్కకు పడుకోబెట్టండి. క్యామ్ క్యాపులు నంబరు ప్రకారం వాటి చోటే ఉండాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రాలు, పోర్టులు గుడ్డలతో కుక్కొద్దు, లోపల మర్చిపోతారు. పైకి కనపడే ప్లాస్టిక్ మూతలు గానీ టేపు గానీ వాడండి.

అల్యూమినియం తుప్పు పట్టదు కదా, దానికి ఇవన్నీ ఎందుకు?

ఎర్ర తుప్పు పట్టదు. తెల్లటి పొడి వస్తుంది, దాని కింద గుంటలు పడతాయి. ఉప్పు తేమలో, లేదా పాత కూలెంట్ మిగిలిన చోట ఇది త్వరగా జరుగుతుంది. అల్యూమినియం హెడ్‌లో ఉక్కు బోల్టు తడితో సహా ఉండిపోతే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియమే కరుగుతుంది. ఆ బోల్టు తర్వాత మరలతో సహా ఊడి వస్తుంది. థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు, కార్బురేటర్ దాచేముందు లోపలి తడి చుక్క మిగలకుండా తీసేయండి.

పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, వాల్వులు కలిపి ఒకే డబ్బాలో వేయొచ్చా?

వేయొద్దు. ఒకదానికొకటి కొట్టుకుని సొట్టలు పడటం ఒక సమస్య, వరస పోవడం అంతకంటే పెద్ద సమస్య.

రాడ్డుకూ దాని క్యాపుకూ జోడీ విడదీయకూడదు. ఇప్పటి ఇంజిన్లలో చాలావరకు రాడ్డును ఒకే ముక్కగా చేసి, పెద్ద కన్ను దగ్గర కావాలనే విరగ్గొడతారు. విరిగిన ఆ గరుకు ముఖాలు ఒకదానిలో ఒకటి రేణువుతో సహా కూర్చుంటాయి. వేరే రాడ్డు క్యాపు దానికి ఎప్పటికీ సరిపోదు. క్యాపును ముఖం కిందికి పెట్టి బల్ల మీద పెట్టినా ఆ గరుకుదనం నలిగిపోతుంది. క్యాపు పెట్టి, బోల్టులు చేత్తో తిప్పి, సిలిండర్ నంబరు రాసిన ట్యాగు కట్టండి. సుత్తితో నంబరు గుద్దడం వద్దు, పెయింట్ మార్కర్ చాలు.

వాల్వులకు అట్టముక్కలో వరసగా రంధ్రాలు చేసి గుచ్చే పాత పద్ధతి వర్క్‌షాపులో విప్పినప్పుడు గుర్తు కోసం బాగుంటుంది. నెలలపాటు దాచడానికైతే అట్ట స్థానంలో ప్లాస్టిక్ లేదా చెక్క పలక వాడండి. అడుగు చదునుగా ఉన్న ట్యాపెట్లు (క్యామ్‌కూ వాల్వుకూ మధ్య ఉండే ముక్కలు) ఏ క్యామ్ లోబ్ మీద అరిగితే ఆ లోబ్‌కే అలవాటు పడతాయి. తారుమారు చేస్తే క్యామ్ కూడా పాడవుతుంది. హైడ్రాలిక్ లిఫ్టర్లను కొత్త ఆయిల్ పోసిన డబ్బాలో నిలువుగా, వరస గుర్తుతో ఉంచండి.

రబ్బరు వస్తువులు, గ్యాస్కెట్లు, బెల్టులు?

వీటికి శత్రువు తుప్పు కాదు కాబట్టి జాగ్రత్తలూ వేరు. వెలుతురు, వేడి, ఓజోన్, సాగదీత, ఈ నాలుగూ రబ్బరును చంపుతాయి. ఓజోన్ అంటే ఎక్కడో ఆకాశంలో ఉండేది అనుకోకండి. నిప్పురవ్వలు వచ్చే మోటార్లు, వెల్డింగ్ యంత్రాలు కూడా దాన్ని పుట్టిస్తాయి. ఐఎస్ఓ 2230 అనే ప్రమాణం ప్రకారం రబ్బరు సీళ్లను 25 డిగ్రీల లోపు, చీకట్లో, సాగకుండా ఉంచాలి. అలా ఉంచితే సహజ రబ్బరుకు మొదటి గడువు 5 ఏళ్లు, ఆయిల్ సీళ్లలో వాడే నైట్రైల్‌కు 7, వైటన్, సిలికాన్, ఈపీడీఎం రకాలకు 10.

ఓ-రింగులను, బెల్టులను మేకుకు తగిలించకండి. టైమింగ్ బెల్టును మడిస్తే లోపలి గాజు నారలు విరుగుతాయి, పైకి ఏమీ కనపడదు. అది ఇంజిన్‌లోకి వెళ్లాక తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి. కూలెంట్ హోసులకు మెరుపు కోసం ఆయిల్ రాయొద్దు. అవి సాధారణంగా ఈపీడీఎం రబ్బరు, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. కొన్ని కొత్త క్రాంక్ సీళ్ల లోపల ప్లాస్టిక్ రింగు ఒకటి వస్తుంది. ప్యాకింగ్ చెత్త అనుకుని పారేయకండి, సీలు పెదవిని సరైన ఆకారంలో పట్టి ఉంచేది అదే.

గ్యాస్కెట్లు చదునుగా, పైన బరువు లేకుండా. చుట్టి పెట్టకూడదు.

టర్బో, ఇంజెక్టర్లు?

టర్బోను ఆక్చువేటర్ కడ్డీ పట్టుకుని ఎత్తొద్దు. ఆయిల్ వచ్చే రంధ్రంలో కొత్త ఇంజిన్ ఆయిల్ కొంచెం పోసి, చేత్తో షాఫ్టును తిప్పి, అన్ని నోళ్లూ మూతలతో మూయండి. ఒక చిన్న నట్టు లోపల పడి ఉంటే స్టార్ట్ చేసిన క్షణంలోనే బ్లేడ్లు పోతాయి.

డీజిల్ ఇంజెక్టర్ లోపలి సందులు కొన్ని మైక్రాన్లే, దుమ్ము రేణువు కూడా ఎక్కువే. రెండు కొసలకూ మూతలు పెట్టి, విడివిడి కవర్లలో వేయండి. దాని మీద చెక్కి ఉండే కోడ్ చెరిగిపోకముందే ఫోటో తీసుకోండి, బిగించాక ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఎక్కించాల్సింది అదే. పెట్రోలు ఇంజెక్టర్లలో ఇంధనం మిగిలితే ఎండి జిగురవుతుంది. ఎథనాల్ కలిసిన పెట్రోలు అయితే తేమను కూడా పీలుస్తుంది.

సెన్సార్లు, ఆల్టర్నేటర్, స్టార్టర్?

ఆయిల్ చల్లకండి. పొడిగా, కంపెనీ కవర్లో. ఈసీయూ అయితే యాంటీ స్టాటిక్ కవర్లోనే. ఆక్సిజన్ సెన్సార్ దగ్గర సిలికాన్ స్ప్రే, సిలికాన్ సీలెంట్ ఉంచొద్దు, ఆ ఆవిరి దాన్ని పాడుచేస్తుంది.

క్లచ్ ప్లేటు?

ఘర్షణ పలకకు ఆయిల్ చుక్క కూడా తగలకూడదు. విడిగా కవరు చేసి, చదునుగా. ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్ ముఖాలకు పల్చగా తుప్పు నిరోధకం రాయొచ్చు, బిగించేటప్పుడు బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడిచేయాలి.

పూర్తి ఇంజిన్‌నే దాచాలంటే?

పాత ఆయిల్ దించి కొత్తది పోయండి, వీలైతే కాసేపు నడిపాకే ఆపండి. కూలెంట్ విషయంలో మధ్యేమార్గం వద్దు: పూర్తిగా దించి ఆరబెట్టండి, లేదా కొత్త కూలెంట్ నిండా ఉంచండి. సగం ఖాళీ జాకెట్‌లో, నీటి మట్టం దగ్గర తుప్పు గీత పడుతుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో ఫాగింగ్ ఆయిల్ (లోపలి గోడలకు పట్టుకునే తుప్పు నిరోధక స్ప్రే) కొట్టి, క్రాంక్‌ను చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ పెట్టేయండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ నోళ్లు గట్టిగా మూయండి. తేమ కోసమే కాదు, ఎలుకలకు అంతకంటే మంచి ఇల్లు దొరకదు.

ఇంజిన్ బరువు ఆయిల్ సంపు మీద పడకూడదు. అది పల్చటి రేకు, సొట్టపడి లోపలి ఆయిల్ పికప్ పైపుకు ఆనుతుంది. స్టాండు మీదో, మౌంటింగ్‌ల దగ్గర ఆసరా ఇచ్చిన చెక్క ఫ్రేము మీదో ఉంచండి. కొన్ని నెలలకోసారి కాస్త ఆయిల్ వేసి క్రాంక్ తిప్పండి, ప్రతిసారీ వేరే చోట ఆపండి. నెలకోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మాత్రం మేలు కంటే కీడే చేస్తుంది. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపితే మండినప్పుడు పుట్టిన నీరు లోపలే మిగులుతుంది.

తుప్పు పట్టేసింది. ఇంకా పనికొస్తుందా?

గోరుతో గీకి చూడండి. పొడిలా రాలి, కింద నున్నగా ఉంటే ఆశ ఉంది. గోరుకు గుంట తగిలితే అది ఏ పార్టన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. బ్రాకెట్టు, పుల్లీ లాంటివైతే శుభ్రం చేసి పెయింటు వేసి వాడుకోవచ్చు. బోరులో పల్చటి పొరను ఆయిల్, నైలాన్ స్క్రబ్ ప్యాడ్‌తో తీసి, హోనింగ్ చేయించి కొలిపించండి. క్రాంక్ జర్నల్‌లో, ముఖ్యంగా అది వంపు తిరిగే మూలలో గుంట ఉంటే పగులు మొదలయ్యేది అక్కడే. గ్రైండింగ్ చేయించి, పగుళ్ల పరీక్ష చేయిస్తే తప్ప వాడొద్దు. తుప్పు పట్టిన బాల్ బేరింగ్, వాల్వు స్ప్రింగు నేరుగా చెత్తబుట్టలోకే.

సిట్రిక్ యాసిడ్, వెనిగర్ మామూలు ఉక్కు మీద తుప్పును బాగా తీస్తాయి. స్ప్రింగులను, గట్టి బోల్టులను మాత్రం అందులో నానబెట్టకండి. యాసిడ్ చర్యలో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి పెళుసు చేస్తుంది. యాసిడ్‌లోంచి తీసిన పార్టును వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయకపోతే మొదటికంటే వేగంగా ఎర్రబడుతుంది.

లేబుల్ మీద ఏం రాయాలి? ఎన్నాళ్లకోసారి చూడాలి?

పార్టు నంబరు, ఏ ఇంజిన్‌ది, ఏ సిలిండర్ లేదా ఏ వైపు, కొత్తదా పాతదా, ఏ ఆయిల్ రాశారు, తేదీ. ఆయిల్ తగిలితే కాగితం, మామూలు పెన్ను రెండూ చెడతాయి. లేబుల్‌ను చిన్న జిప్ కవర్లో పెట్టి బయట కట్టండి.

మూడు నెలలకోసారి ఒకట్రెండు పెట్టెలు తెరిచి చూస్తే చాలు, అన్నీ విప్పక్కర్లేదు. అన్నిటికంటే చెమ్మగా ఉండే మూలన ఉన్నదాన్ని ఎంచుకోండి. పొడిగా ఉన్న రోజే తెరవండి. ముసురు పట్టిన రోజు తెరిచి చూసి మళ్లీ మూయడమంటే తేమను పిలిచి లోపల పెట్టడమే.

బిగించే ముందు ఏం చేయాలి?

మైనం, చిక్కటి ఆయిల్ ఏది వాడినా పూర్తిగా కడిగేయాలి, ముఖ్యంగా ఆయిల్ దారుల్లో. గడ్డకట్టిన మైనం ఒక సన్నటి దారిని మూస్తే ఆ బేరింగ్‌కు ఆయిల్ అందదు. మీరు పెట్టిన మూతలు, ప్లగ్గులు, టేపులు లెక్కపెట్టి తీయండి. పెట్టేటప్పుడే ఎన్ని పెట్టారో లేబుల్ మీద రాసి ఉంటే టెన్షన్ ఉండదు.

ఏవి అసలు దాచక్కర్లేదు?

ఒకసారి వాడిన హెడ్ గ్యాస్కెట్, అరిగిన బేరింగ్ షెల్స్, తీసేసిన టైమింగ్ బెల్టు, పాత ఆయిల్ సీళ్లు. ఎప్పుడో అవసరం పడుతుందని ఇవన్నీ ర్యాకులో ఉంటే కొత్తవాటి చోటు పోతుంది, ఎవరో ఒకరు పొరపాటున బిగించేస్తారు కూడా. సాగే రకం హెడ్ బోల్టులు కూడా అంతే. బిగించినప్పుడు కావాలనే సాగేలా చేసినవి కాబట్టి, రెండోసారి వాడొచ్చని తయారీదారు చెబితే తప్ప వాటిని దాచి లాభం లేదు. కొత్త సెట్టు కొనేటప్పుడు పొడవు, మర పోల్చి చూడటానికి ఒకటి ఉంచుకుంటానంటే ఉంచుకోండి. తల నుంచి కొస దాకా ఎర్ర పెయింటు వేసి ఉంచండి.